వంకాయరంగు బండిలో కూత

ఆ షెడ్డులో బండ్లు బాగుచేసేవాళ్లు ఇద్దరు, నడిపి చూసే మనిషి ఒకరు. ఆ నడిపే మనిషి ఆడమనిషి. యాభై దాటిన వయసు, పొట్టి మనిషి, ముక్కు మీద నిలవని కళ్లద్దాలు. వీధివీధంతా ఆమెను డ్రైవరమ్మ అంటుంది. మెకానిక్కుల్లో ఒకడు ఆమె భర్త, రెండోవాడు ఆమె తమ్ముడు. బావా బావమరుదులు కలిసి పెట్టిన వ్యాపారం మూడునాళ్ల ముచ్చటేనని షెడ్డు తెరిచిన రోజునే పెదవి విరిచిన పెద్దలున్నారు. ఆ పెద్దలు పోయారు, షెడ్డు ఉంది. మధ్యలో తానుంది కాబట్టే ఉందని డ్రైవరమ్మ ఎప్పుడూ అనుకోలేదు. ఆమె అనుకోకపోతే మాత్రం నిజం నిజం కాకుండా పోతుందా?

ఆమె ఈ పనిలోకి రావడమే ఒక తమాషా. కొత్తల్లో ఇంటి నుంచి క్యారియరు తెచ్చి, ఇద్దరూ తిన్నాక గిన్నెలు సర్దుకుని వెళ్లిపోయేది. ఒకరోజు ఎవరిదో కారులో ఎక్కడో టకటకమంటోంది. నేను వింటానంటే నేను వింటానని ఇద్దరూ పంతం పట్టారు. ఇద్దరూ వింటే నడిపేదెవరు? "నువ్వు ఊరికే కూర్చుని పెడలు తొక్కు, మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు భర్త. ఆ "ఊరికే" అన్న మాటతో మొదలైన కొలువు ఇంతవరకూ వదల్లేదు. తొక్కమన్నంత తొక్కి, ఆ వేగాన్ని నిండు చెంబు తొణకనట్టు పట్టి ఉంచడం ఆమెకు పుట్టుకతో వచ్చినట్టు వచ్చేసింది. భర్త కళ్లు మూసుకుని అద్దానికి నుదురు ఆనించి వింటాడు. తమ్ముడు చెవిని నమ్మడు, అరచేతిని నమ్ముతాడు. ఎక్కడో చెయ్యి ఆనించి, మోత ఎముకలోంచి వస్తుందంటాడు. ముందు ఒకరు, వెనక ఒకరు, మధ్యలో తాను. అలా బండి నడుపుతున్నప్పుడు డ్రైవరమ్మకు లోకంలో ఇంకేమీ అక్కర్లేదు.

ఆ షెడ్డుకు ఒక ఆచారం ఉంది. బిగించిన ప్రతి బోల్టు తల మీదా సుద్దతో గీత గీయాలి. బావది తెల్ల సుద్ద, బావమరిదిది నీలం సుద్ద. ఒకప్పుడు నువ్వు బిగించావనుకున్నానంటే నువ్వు బిగించావనుకున్నానని ఇద్దరూ వదిలేసిన చక్రం ఒకటి వీధి చివర ఊడి తనదారిన తాను పోయింది. ఆ రోజు నుంచి గీత లేకుండా ఏ బండీ గేటు దాటకూడదు. ఎదురుగా ఉన్న పుస్తకాల కొట్లో సుద్ద పెట్టెలు కొనేది డ్రైవరమ్మే. ఇంట్లో బడికెళ్లే పిల్లలెవరూ లేరు గదా ఇన్ని సుద్దలెందుకమ్మా అని కొట్టువాడు అడిగితే, "ఉన్నారుగా ఇద్దరు" అనేది.

అలాంటి ఇద్దరూ కొన్ని వారాలుగా మాట్లాడుకోవడం లేదు. కారణం చెబితే నవ్వుతారు. పది నంబరు స్పానర్ కనబడలేదు. నువ్వు తీశావంటే నువ్వు తీశావన్నారు. మాట మీద మాట పెరిగింది, పాత లెక్కలన్నీ పైకి లేచాయి, చిలికి చిలికి గాలివాన అయింది. చివరికి బావ నోట ఒక మాట జారింది. "ఇది నా షెడ్డు, గుర్తుపెట్టుకో." జారిన మాటను ఎవరు ఎత్తగలరు? ఆ రోజు నుంచి బావ కాస్తా "మీ ఆయన" అయ్యాడు, బావమరిది కాస్తా "మీ తమ్ముడు" అయ్యాడు. ఇద్దరి మాటలూ డ్రైవరమ్మ మీదుగానే నడిచాయి. ఇద్దరూ పక్కపక్కనే నిలబడి, మీ తమ్ముణ్ణి ఆ జాకీ ఇటివ్వమను అని ఒకరు, మీ ఆయన్ని వచ్చి తీసుకోమను అని ఇంకొకరు అంటుంటే, ఆమె అడకత్తెరలో పోకచెక్కలా నలిగింది.

పొద్దున్నే షట్టరు ఎత్తడం ఇంకో అవస్థ. ఎప్పుడో లారీ తగిలి వంకర పోయిన షట్టరది. ఒకవైపు ఎత్తితే రెండోవైపు గాడిలో బిగుసుకుంటుంది. ఇద్దరు చెరోవైపూ పట్టి ఒకేసారి లాగితే తప్ప లేవదు, ఎంతటి బలశాలైనా ఒక్కడి వల్ల కాదు. ఇన్నేళ్లూ ఆ పని బావా బావమరుదులదే. ఇప్పుడు తమ్ముడు కావాలని ఆలస్యంగా వస్తున్నాడు గనుక, ఆ రెండోవైపు డ్రైవరమ్మ పట్టుకుంటోంది.

అవన్నీ ఓర్చుకుంది. కానీ ఆ వారం తమ్ముడు వచ్చి, "అక్కా, పెద్ద కంపెనీ వర్కుషాపులో పని దొరికింది. సోమవారం చేరతా. మీ ఆయనకు నువ్వే చెప్పు" అన్నాడు. ఆమె చెప్పింది. భర్త మెడ తిప్పకుండా "సంతోషం" అన్నాడు. సంతోషమంటే ఏమిటో తెలిసినవాళ్లు ఆ మాటను అలా అనరు. రాత్రి ఆయన అన్నం సగం వదిలేయడం ఆమె చూసింది. తమ్ముడు వెళ్లిపోతే ఒక మెకానిక్కు తగ్గుతాడంతే, షెడ్డు మూతపడదు. అయినా ఆమె దిగులు ఆ లెక్క గురించి కాదు. ఈ ఇద్దరూ విడిపోతే ఇక జన్మలో ఒకరి గడప ఒకరు తొక్కరు, ఇద్దరి మొండితనమూ ఆమెకు తెలుసు.

శనివారం పొద్దున్న పళ్ల డాక్టరుగారి వంకాయరంగు స్పోర్ట్సు కారు మళ్లీ షెడ్డుకు వచ్చింది.

డాక్టరుగారు పని మానేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. కుర్రతనంలో మోజుపడ్డ బండిని తల నెరిశాక కొనుక్కున్నాడు. పాతది, నేలబారుగా ఉంటుంది, రెండే సీట్లు. కొన్నాళ్ల కిందట పొద్దున స్టార్టు చేయగానే కీచుమంటోందని తెచ్చాడు. చూసి పంపించారు. ఇప్పుడు వేరే గొడవ.

"ఆ కీచు పోయిందమ్మా. దాని బదులు కూత పట్టుకుంది" అన్నాడు ఆయన స్టూలు మీద కూలబడుతూ. "ఇంట్లో బాగానే ఉంటుంది. పెద్దరోడ్డెక్కి కాస్త వేడెక్కాక మొదలవుతుంది, సన్నగా, గీమని. అచ్చం నా పళ్ల మిషను. జీవితమంతా ఆ మోత విని విని, ఇక వినక్కర్లేదని పని మానేశాను. తీరా చూస్తే నా వెంటే వచ్చేసింది."

వేడెక్కితేగాని కూయదంటే రోడ్డు మీద నడిపి వినాల్సిందే. నడిపేది డ్రైవరమ్మ. పక్కన ఒక్కరికే చోటు. మామూలు రోజుల్లో అయితే ఎవరు కూర్చోవాలని ఇద్దరూ కాసేపు వేళాకోళమాడుకుని తేల్చుకునేవాళ్లు. ఇప్పుడు ఇద్దరూ చెరో మూలా నిలబడ్డారు. సరే, రెండు చుట్లు తిరుగుతాను, ముందు మీరు రండి అంది భర్తతో.

ఆ బండిలో కూర్చోవడమంటే ఎక్కడం కాదు, దిగడం. నేల మీద చాప పరిచి కాళ్లు బారచాపినట్టు ఉంటుంది. పక్కన పోయే లారీ చక్రాన్ని కూడా తల ఎత్తి చూడాలి. ఎన్ని దిగుళ్లున్నా స్టీరింగు చేతికి రాగానే డ్రైవరమ్మ మనసు తేటపడింది. తొక్కీ తొక్కగానే దూకుతోంది బండి. కూడలిలో ఆగిన బస్సులోంచి ఎవరో వంగి ఆమెను తేరిపార చూశారు. చూడనీ అనుకుంది, కళ్లద్దాలు పైకి తోసుకుంటూ.

పెద్దరోడ్డు మీద కాస్త దూరం పోయాక మొదలైంది కూత. ఈగంత మోత, కానీ దంతాల్లోకి దిగుతోంది. భర్త కళ్లు మూసుకున్నాడు.

"క్లచ్ తొక్కి, బండిని దాని మానాన పోనీ."

ఆమె అలాగే చేసింది. బండి దొర్లుతూనే ఉంది, ఇంజను నెమ్మదించగానే కూత దిగిపోయింది.

"చక్రాల గోల కాదు. పక్కకు ఆపి, నిలబెట్టి రేజ్ చెయ్యి, క్లచ్ మీంచి కాలు తియ్యకు." ఆపి తొక్కింది. నిలబడ్డ బండిలోనూ కూత లేచింది. "గేరుబాక్సు కూడా కాదు. ఇంజను ముందువైపు ఏదో ఉంది. నీళ్లు తిప్పే పంపు అయ్యుంటుంది, పాత సరుకు."

"ఆ పంపును తిప్పే బెల్టేమో?" అంది ఆమె.

"ఆ కీచు పోవాలని బెల్టు నేనే బిగించాను, పోయినసారి, పొద్దున్నే. కొంచెం బిగువుగానే పెట్టాను. దాని జోలికెళ్లక్కర్లేదు."

ఆమె తల ఊపింది. తిరిగొచ్చేసరికి తమ్ముడు గేటు దగ్గరే ఉన్నాడు. బావ దిగిన తలుపులోంచి బావమరిది ఎక్కాడు, ఒకరి భుజం ఒకరికి తగలకుండా. అంత ఇరుకు తలుపులో అదొక విద్యే.

"ఆయన ఏం చెప్పాడో నాకు చెప్పకు" అన్నాడు తమ్ముడు. మళ్లీ పెద్దరోడ్డు, మళ్లీ కూత, మళ్లీ క్లచ్ తొక్కడం, మళ్లీ పక్కకు ఆపడం. వాడు డ్యాష్‌బోర్డు కింద అరచెయ్యి ఆనించాడు. "డైనమో అక్కా. బ్యాటరీకి కరెంటు పోసేది అదే కదా, దాని బేరింగు అరుస్తోంది."

"బెల్టు చూడక్కర్లేదా?"

"అది నేను బిగించిందేగా పోయినసారి. నువ్వు బ్యాంకుకెళ్లావు, ఆ మధ్యాహ్నం. స్టార్టు చేస్తే ఇంకా కొంచెం కీచుమంది. బోల్టు మీద గీత లేదు, ఎవరూ ముట్టలేదనుకుని గట్టిగా ఒక పట్టు పట్టా."

డ్రైవరమ్మ కాలు పెడలు మీద సడలింది. అన్నేళ్లలో ఆమె వేగం చెప్పకుండా తగ్గడం అదే మొదలు. "స్పీడు తగ్గిందేంటక్కా?" అన్నాడు తమ్ముడు.

"ఏం లేదు. బిగించాక గీత నువ్వయినా పెట్టావా?"

వాడు కిటికీలోంచి బయటికి చూశాడు. "ఎవరు చూడాలని పెట్టాలి?"

ఆ మాటకు ఆమెకు కళ్లు చెమర్చాయి. అయితే కళ్లద్దాల వెనక ఏం జరిగిందో తమ్ముడికి కనబడలేదు. కొట్టుకు వెళ్లి సుద్ద కొని చాలా రోజులయిందని అప్పుడు గుర్తొచ్చింది. పెట్టెల్లో మిగిలిన నాలుగు ముక్కలూ అలాగే ఉన్నాయి, ఆమే పట్టించుకోలేదు.

షెడ్డుకు వచ్చాక, ఇంజను చల్లారనిచ్చి, బానెట్ ఎత్తింది. బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కింది. సరిగ్గా ఉన్న బెల్టు వేలి కింద కాస్త లొంగుతుంది. ఇది బట్టలారేసే తీగలా బిర్రుగా ఉంది, ఇసుమంతైనా కదల్లేదు. డైనమోను కూడా తిప్పేది ఆ బెల్టే, అది అంత బిగుతైతే బేరింగు కుయ్యోమనక ఏం చేస్తుంది? ఇంజనులో ఉన్న ప్రతి బోల్టుకూ పాతవో కొత్తవో తెల్లగీతలూ నీలిగీతలూ ఉన్నాయి. డైనమోను పట్టి ఉంచే ఆ ఒక్క బోల్టు మాత్రం బోడిగా ఉంది.

అసలు బెల్టు బిగించడం ఒక్కడు చేసే పని కాదు. ఒకరు కమ్మీతో డైనమోను వెనక్కి నెట్టి పట్టాలి, ఇంకొకరు బెల్టు నొక్కి చూసి బోల్టు బిగించాలి. ఒక్కడే చేస్తే ఒక చేత కమ్మీ, ఒక చేత స్పానర్. బెల్టు నొక్కి చూసే మూడో చెయ్యి ఎవరికుంది? ఇద్దరూ విడివిడిగా, రహస్యంగా, పౌరుషంగా బిగించి పారేశారు. పైగా, పంపు అని ఒకరు, డైనమో అని ఒకరు. ఎవరి లెక్కలో వాళ్లు ముట్టుకున్నది తప్ప మిగతావన్నీ చెడిపోయాయి. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. దొందూ దొందే అని ఆమె ముందు నవ్వుకుంది, ఆ వెంటనే ఇది ఎవరికి చెప్పాలా అని ఆలోచనలో పడింది.

భర్తకు చెబితే చూశావా మీ తమ్ముడి నిర్వాకం అంటాడు. తమ్ముడికి చెబితే గీత పెట్టనిది మీ ఆయనేగా అంటాడు. తానే వదులు చేసేస్తే కూత పోతుంది, తమ్ముడు సోమవారం ఆ కంపెనీకి పోతాడు. మూడూ పనికిరాని దార్లే. బానెట్ దించి, ఆమె తాళంచెవి తీసుకెళ్లి తమ్ముడి చేతిలో పెట్టింది.

"ఇంకో చుట్టు తిరగాలి. నువ్వు నడుపు. ఆయన వింటారు."

"నేనా? ఆయన పక్కనా?"

"నా వల్ల కాదురా. ఇవాళ నా కాలు నిలవడం లేదు, నువ్వే చూశావుగా."

"అతను నడిపితే నేనెక్కను" అన్నాడు భర్త మూలలోంచి.

"అయితే డాక్టరుగారికి మీరే చెప్పండి, మా వల్ల కాలేదు తీసుకెళ్లమని." ఇన్నేళ్లలో డ్రైవరమ్మ స్టీరింగు వద్దనడం ఎవరూ చూడలేదు. ఇద్దరూ ఆమె ముఖం వంక చూశారు. అక్కడ బేరానికి చోటు కనబడలేదు. వెళ్లి కూర్చున్నారు. మోకాళ్లు ముడుచుకుని, భుజాలు ఒరుసుకుంటూ, పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు ఎదురుగా చూస్తున్నారు. బండి కదలబోతుంటే ఆమె వంగి, ఎవరికీ చెప్పనట్టు ఇద్దరికీ చెప్పింది.

"ఆ బెల్టు బోల్టు మీద గీత లేదు. ఎందుకు లేదో దారిలో మాట్లాడుకోండి. తేల్చుకోకుండా మాత్రం రాకండి."

బండి వీధి మలుపు తిరిగింది. ఆమె వచ్చి డాక్టరుగారి పక్కన ఇంకో స్టూలు మీద కూర్చుంది. చేతికి పని లేక అక్కడున్న గుడ్డను మడతపెట్టింది, విప్పింది, మళ్లీ మడతపెట్టింది. దారిలో మాటామాటా పెరిగి ఒకడు మధ్యలో దిగిపోతే? చేతులారా చెడగొట్టుకున్నానా అని ఆమెకు భయం పట్టుకుంది.

"దొరికిందా అమ్మా, ఎక్కడో?" అన్నాడు డాక్టరుగారు.

"దొరికినట్టే ఉందండీ."

"పన్ను నొప్పని వచ్చినవాళ్లు ఎప్పుడూ పక్క పన్నే చూపిస్తారమ్మా. ఇదే ఇదే అని ఒట్టేసి చెబుతారు. వాళ్లు చూపించింది పీకితే ఇంతే సంగతులు."

డ్రైవరమ్మ గట్టిగా నవ్వింది. అంతసేపటి దిగులు మీద ఆ నవ్వు ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. ఆయనకూ కాస్త గర్వమనిపించినట్టుంది, ఇంకో రెండు పళ్ల కథలు చెప్పాడు. అవి అంత బాగాలేవు.

రావాల్సిన వేళ దాటి చాలాసేపటికి మలుపు దగ్గర బండి చప్పుడైంది. ఆమె లేచి నిలబడింది. ఇంజను మోత వస్తోంది గానీ కూత లేదు. చెవి ఒగ్గి వింటే అడుగున చిన్న గురగుర మాత్రం ఉంది. ఇద్దరి చేతులకూ మోచేతుల దాకా మసి. రోడ్డు పక్కన ఆపి ఏం చేశారో అడగక్కర్లేదు. ఏం మాట్లాడుకున్నారో మాత్రం ముఖాలు చూసి చెప్పడం కష్టం. తమ్ముడు దిగి, మంచినీళ్లు తాగి, గ్లాసు బోర్లించాడు.

"బెల్టు వదులు చేశాం" అన్నాడు భర్త డాక్టరుగారితో. "పోయినసారి మేమే ఎక్కువ బిగించాం. తప్పు మాదే. ఆ బిగువుకు డైనమో బేరింగు కాస్త దెబ్బతింది. బండి ఇక్కడే ఉంచండి, సోమవారం మార్చేస్తాం."

మేము అన్నాడు. మాదే అన్నాడు. డ్రైవరమ్మ ఆ మాటల్ని పట్టుకుంది, కానీ అంత తొందరగా నమ్మదలచుకోలేదు. "సోమవారం ఎవరు మారుస్తారు?" అని అడిగింది.

భర్త చేతులు కడుక్కోవడానికి పోయాడు. సాయంత్రం తమ్ముడు తన పనిముట్ల పెట్టెను స్కూటరు వెనక తాడుతో కట్టుకుని, "వస్తానక్కా" అని వెళ్లిపోయాడు. రోజూ అనే మాటే అది. ఆ మాటను పట్టుకుని ఎంతసేపని తిప్పి చూస్తుంది? పెట్టె పోయిన చోట గోడ మీద నలుచదరపు మరక కనిపించింది. ఆదివారమంతా ఆమె ఇంట్లో తుడిచిందే తుడిచింది. భర్త పేపరు చూసిందే చూశాడు.

సోమవారం తెల్లారి ఆయన ఆమె లేవకముందే వెళ్లిపోయాడు. అంత పొద్దున్నే వెళ్లి ఏం చేస్తాడు, షట్టరు ఎవరెత్తుతారు అని గొణుక్కుంటూ ఆమె క్యారియరు సర్ది బయల్దేరింది. దారి పొడుగునా, లేవని షట్టరు ముందు ఒంటరిగా నిలబడ్డ మనిషే కళ్లకు కట్టాడు. పాపం మోకాళ్ల నొప్పి కూడాను అనుకుని అడుగు పెద్దది చేసింది.

వీధి మలుపు తిరిగి ఆగిపోయింది. షట్టరు పైదాకా ఎత్తి ఉంది.

లోపలి నుంచి గొంతులు వినిపించాయి.

"బావా, ఆ పది నంబరు ఇటివ్వు."

"నీ దగ్గరే ఉంది."

"నీకే ఇచ్చాగా ఇందాక."

"ఎప్పుడిచ్చావురా? కొత్తది తెచ్చి రెండు రోజులు కాలేదు, అప్పుడే మాయం చేశావా?"

"నేనా? నీ జేబు చూసుకో ముందు."

డ్రైవరమ్మ క్యారియరు పట్టుకుని వీధి మధ్యలోనే నిలబడిపోయింది. ఆ పోట్లాటలో ఒక్క మాట కూడా వదలకుండా విన్నది. తర్వాత కళ్లద్దాలు తుడుచుకుని, షెడ్డులోకి పోకుండా వెనక్కి తిరిగి, ఎదురు కొట్టుకు వెళ్లి రెండు సుద్ద పెట్టెలు అడిగింది, ఒకటి తెల్లవి, ఒకటి నీలివి.